డబల్ కాజా

మేం నిక్కర్లు వేసుకుని తిరిగిన కాలంలో "పెద్దయ్యాక ఏమవుతావురా" అని పిల్లల్ని అడిగే అలవాటు మొఘల్‌పురాలో ఇంకా మొదలు కాలేదు. ఏమవుతామో ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు కనక అడిగి టైము పాడుచేసుకునేవారు కాదు. కిరాణా సేఠ్ కొడుకు కిరాణా సేఠ్ అవుతాడు. మా తాత గుళ్లో అర్చకుడు, మా నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా, కాబట్టి నేను ఆ రెండింటిలో ఏదో ఒకటి అవుతాను. మంత్రాలు నోటికి రాకపోతే ఆఫీసు, లెక్కలు రాకపోతే గుడి. నాకు రెండూ వచ్చేవి కావు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కానీ, మర్యాదకి ఎవరూ పైకి అనేవారు కాదు. ఇప్పుడు రోజులు మారాయి. పాలపళ్లు ఊడకముందే పిల్లలకు కెరీర్ అనే దిగులు పట్టుకుంటోంది. మొన్న మా మనవరాలి బడిలో ఆ దిగులు గురించే తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. వచ్చే ఏడాది నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వారానికి కొన్ని పీరియడ్లు పనుల్లో శిక్షణ ఇస్తారట. కరెంటు పని, కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, దుకాణం నడపడం, ఇంకా ఏవేవో. పెట్టాలా వద్దా చెప్పండి అని పిలిచారు. మావాడికి కంచన్‌బాగ్‌లో డ్యూటీ. పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ పని నాకు అప్పజెప్పాడు.

"బాపు, నువ్వు పోయి వద్దని చెప్పి రా. గంతే. ఆడ కథలు మొదలువెట్టకు."

"నేనేం కథలు చెప్తనురా?"

"గదే చెప్తున్న. చెప్పకు."

వాడి వెనకాల తలుపు పట్టుకుని మనవరాలు నిలబడింది. పోయిన నెల మా మిక్సీ ప్లగ్గు కాలిపోతే తానే స్క్రూడ్రైవరు పట్టుకుని విప్పి, తీగలు కలిపి, మళ్లీ బిగించింది. అప్పట్నుంచి ఇంట్లో ఏ ఫ్యాను మూలిగినా దాని మొహం వెలిగిపోతోంది. కరెంటు క్లాసులో చేరాలని దాని ఆశ. వాళ్ల నాన్న తల వంచి లేసులు కట్టుకుంటున్నంతసేపూ నావైపు చూస్తూ, వద్దనకు అన్నట్టు తల అడ్డంగా ఊపుతూ నిలబడింది. నేను లోపలికి పోయి, బీరువా తెరిచి, మా నాన్న బంద్‌గలా కోటు బయటికి తీశాను. గొంతు దాకా గుండీలుండే కోటు, బూడిద రంగుది, నాఫ్తలీను గోళీల వాసనతో. ఇంత ఎండలో కోటేంది మామయ్యా అని కోడలు నవ్వింది. నవ్వనీ. ఆ కోటు పదమూడేళ్ల వయసులో నేనే కుట్టాను. (కుట్టాను అంటే మొత్తం కాదు. ముందు భాగం. ముందు భాగమంటే, గుండీలు దూర్చే కంతలుంటాయే, కాజాలు, అవి. సరే, ఎలాగూ బయటపడేదే కనక మొదట్నుంచీ చెబుతాను. మావాడు ఇది చదవడు.)

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పిల్లలకు చదువుతో పాటు ఏదైనా చేతిపని నేర్పాలని సర్కారుకు బుద్ధి పుట్టింది. వడ్రంగం ఇస్తారని మేం ఆశపడ్డాం. సుత్తెలు, ఉలులు చేతికొస్తే బడికి ఎంత సేవ చేయొచ్చో ముందే ఆలోచించి పెట్టుకున్నాం. తీరా మా బడికి వచ్చినవి రెండు కుట్టుమిషన్లు. ఒకటి కుట్టేది, ఒకటి కుట్టినట్టు చప్పుడు చేసేది. నేర్పడానికి యాకుత్‌పురా స్టేషను దగ్గర షాపున్న ఒక దర్జీని పెట్టారు. టైలరు షాపుల్లో కత్తెర పట్టే పెద్దమనిషిని మాస్టర్ అంటారు కదా, ఆయన బడిలోకి వచ్చినా మాస్టర్‌గానే ఉన్నాడు. మిగతావాళ్లంతా సార్లు. దీనికి మా లెక్కల సారుకు ఒళ్లు మండింది. "ఇంగ్లీషుల మాస్టర్ అంటే నేనుర! డిగ్రీ చదివిన నన్ను సార్ అంటరు, సూది పట్టినోన్ని మాస్టర్ అంటరా?" అని ఆయన మమ్మల్ని వరసగా బెంచీ ఎక్కించాడు. బెంచీ మీద నుంచి కూడా మాకు ఆయన సారే, ఆయన మాస్టరే.

మాస్టర్‌కి గోరింటాకు పెట్టిన గడ్డం, మెడలో టేపు. నడిరోడ్డు మీద కనబడినా టేపు మెడలోనే ఉండేది. అది తీస్తే ఆయనకు జలుబు చేస్తుందని మా నమ్మకం. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ కళ్లతోనే కొలిచేవాడు. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఒకసారి ఏదో గట్టిగా మందలిస్తూ ఉంటే చేతులు కట్టుకుని అంతా విని, చివర్లో "పెద్దసారు, కడుపు జర పెరిగింది మీది" అన్నాడు. చెప్పిన రోజుకు బట్టలివ్వడమనేది ఆయన వంశంలో లేదు. "కల్ ఆజావ్, రేపు రా" అనేవాడు. ఆ రేపు ఎన్నడూ వచ్చేది కాదు. గొప్పలు మాత్రం చెప్పమంటే ఆలస్యమే లేదు. ఒక నవాబుగారి పెళ్లి షేర్వానీ తానే కుట్టానని మొదటి రోజే చెప్పాడు. మేం నోళ్లు తెరుచుకుని విన్నాం. రెండో వారం, చాయ్ తాగుతూ, "కుట్టింది మా ఉస్తాద్, నేను కాలర్ చేసిన" అన్నాడు. నెల గడిచేసరికి కాలర్ కూడా పోయి కాజాలు మిగిలాయి. "షేర్వానీకి జాన్, పానం కాజాలేరా బేటా, గుడ్డదేముంది" అని మమ్మల్నే ఓదార్చాడు. (నాకు ఈ పెంచి చెప్పి, తర్వాత కొంచెం కొంచెంగా దించుకునే జబ్బు ఎవరి నుంచి అంటిందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.)

కాజా తియ్యడం చూడ్డానికి ఏమీ ఉండదు. గుడ్డ మీద సన్నగా ఒక గాటు పెట్టి, ఆ గాటు అంచుల వెంట దారంతో చిన్న చిన్న ముళ్లు, ఒకదాన్ని ఒకటి ఆనుకునేలా వేసుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. ముళ్లు వదులైతే గాటు పీచులు లేస్తుంది, బిగిస్తే ముడుచుకుపోతుంది. పక్కబెంచీ వాళ్ల కాజాలు నోరు తెరిచి ఆవలించినట్టు ఉండేవి. నావి మాత్రం, ఎందుకో, పెదాలు మూసుకుని బుద్ధిగా కూర్చునేవి. మాస్టర్ నా మొదటి కాజాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాహ్! హాథ్ మే మిఠాస్ హై. నీ చేతుల తీపి ఉంది బేటా" అన్నాడు. లెక్కల సారు నన్ను అప్పటికి రెండేళ్లుగా 'బడా సున్నా' అని పిలుస్తున్నాడు. బడిలో ఒక పెద్దమనిషి నన్ను చూసి వాహ్ అనడం అదే మొదలు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నా కుడిచేతి వైపు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఇంట్లో మా నాయనమ్మ అడిగింది, "గా కొత్త పీరియడ్ల ఏం నేర్పుతున్నర్రా?" అని. "కాజాలు" అన్నాను. ఉన్న మాటే చెప్పాను. ఆమె మొహం పెనం మీద పూరీలా పొంగింది. "కాజాలా! సర్కారుకు గిప్పటికన్న బుద్ధొచ్చింది. గుళ్ల నైవేద్యానికి అక్కరకొస్తది. పాకం ఎవరు పడుతున్నరు, నువ్వేనా?" అంది. అప్పుడే ఆమెను సరిదిద్ది ఉండాల్సింది. కానీ అంత సంతోషాన్ని ఎట్లా పాడుచేస్తాం? "పాకం ఇంకా రాలేదు నాయనమ్మా. ముందు మడత నేర్పుతున్నరు" అన్నాను. సూది గుచ్చుకుని వేళ్ల కొసలు ఎర్రబడితే, నూనె చిట్లిందనుకుని వెన్న రాసేది. "గంత మంట మీద చెయ్యొద్దని మీ సారుకు చెప్పు" అనేది. ఒకటైనా ఇంటికి తెమ్మంటే, మాస్టర్ అన్నీ తీసుకుపోతున్నాడని చెప్పాను. అదీ నిజమే. క్లాసులో మేం తీసే కాజాలు ఉత్త గుడ్డపేలికల మీద కాదు, ఆయన షాపుకు వచ్చిన చొక్కాల మీద. కాజాలు తీసిన చొక్కాలు సాయంత్రం మూట కట్టుకుని సైకిలు మీద యాకుత్‌పురా తీసుకుపోయేవాడు. "కాజాలన్ని ఒక్కడే తింటడా? కడుపా, చెరువా!" అని నాయనమ్మ ఆయన్ని చూడకుండానే తిట్టుకునేది.

ఈ తీపి కాపురం ఇంకొన్నాళ్లు సాగేదేమో కానీ, ఒకనాడు సాయంత్రం మా గల్లీ చివర కిరాణా సేఠ్ మా నాన్నను ఆపాడు. సేఠ్ చొక్కా కూడా మాస్టర్ షాపులోదే. "మీ పోరడు హుషారున్నడు సాబ్. కాజాలు మస్తుగ కుడ్తడట" అన్నాడు. నాన్న నవ్వుతూనే రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను సంచీ పట్టుకుని పక్కనే ఉన్నాను. "కాజాలు కుట్టుడేంది? కాజాలు చేస్తరు గద, కుడ్తరా?" అన్నాడు నన్ను చూసి. ఒక్క 'కుడ్తడట'తో నా మిఠాయి దుకాణం మూతపడింది. ఇంటికి వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు. వచ్చాక ఆపలేదు. "గుళ్ల శఠగోపం పట్టిన చేతులు మీ తాతవి. ఫైళ్లు పట్టిన చేతులు నావి. నువ్వు సూది పడ్తవా? బడికి పంపింది దర్జీని చెయ్యనీకా? లెక్కలల్ల సున్నా వస్తుంటే గీ పీరియడ్ ఏందిర మధ్యల?" అని లొల్లి. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ మెల్లగా అడిగింది, "అయితే... పాకం లేదార?" అని. లేదు నాయనమ్మా అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కాసేపు గోడ వైపు చూసింది. నాన్న తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు.

అదే వారం పెద్దసారు తల్లిదండ్రుల్ని పిలిపించాడు. చాలామంది నాన్నలాగే గొణుగుతున్నారట. కుట్టు పీరియడ్ ఉంచాలా, తీసేసి ఆ టైములో లెక్కలు చెప్పించాలా, మీరే తేల్చండి అన్నాడు. ఆదివారం పొద్దున మీటింగు. అందరి తరఫున మాట్లాడేది మా నాన్నే, ఆఫీసులో పనిచేసే మనిషి కనక. నాకు ఏడుపొక్కటే తక్కువ. బడిలో నన్ను సున్నా అనని గది అదొక్కటే. అదీ పోతే మిగిలేది రెండింతల లెక్కల సారు.

ఇక్కడ కోటు సంగతి చెప్పాలి. ఇదంతా బయటపడక ముందే, నాన్న బంద్‌గలా కోటుకని గుడ్డ కొని ఇదే మాస్టర్‌కి ఇచ్చి ఉన్నాడు. నెలల తరబడి 'రేపు' అవుతూనే ఉంది. లొల్లి అయిన మర్నాడు నాన్న నేరుగా షాపుకు పోయి, "ఆదివారం పొద్దునకల్ల కోటు కావాలె. బడి మీటింగుల నీ పీరియడ్ తీసెయ్యమని మాట్లాడేటందుకు ఏసుకపోవాలె" అన్నాడట. దాపరికం లేని మనిషి. మాస్టర్ టేపు సర్దుకుని, "అచ్ఛా సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడట. శుక్రవారం క్లాసులో ఆయన నా ముందు ఒక బూడిద రంగు కోటు పరిచాడు. గుడ్డ చూడగానే గుర్తుపట్టాను.

"మాస్టర్, గిది మా బాపుది!"

"మాలూమ్ హై. గందుకే నీకిస్తున్న. ఎడమ దిక్కు ఆరు కాజాలు. నీ చేతుల తీపి మొత్తం పెట్టు."

అని ఆయన షాపుకు పోయాడు. నేను కోటును వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టి, ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆరు కాజాలు తీశాను. అట్లాంటి కాజాలు నవాబు షేర్వానీకి కూడా ఉండి ఉండవు. (ఉండే ఉంటాయి. కానీ అప్పుడు నాకట్లా అనిపించింది.) అంతా అయ్యాక నా చొక్కా వైపు చూసుకుని చల్లబడిపోయాను. మగవాళ్ల బట్టలకు కాజాలు తొడుక్కున్నవాడి ఎడమ వైపు ఉండాలి. నేను తీసింది నా ఎడమ వైపు. కోటు నాకు ఎదురుగా పడుకుని ఉంది కనక, నా ఎడమ దాని కుడి. కాస్త తెలివున్నవాడైతే అక్కడితో ఆగి ఏడ్చేవాడు. నేను తప్పు దిద్దుకునే రకం. కోటు అసలైన ఎడమ వైపు కూడా ఆరు కాజాలు తీశాను, ఇంకా అందంగా.

మాస్టర్ వచ్చి చూసి స్టూలు మీద కూలబడ్డాడు. కొట్టలేదు, తిట్టలేదు. రెండు అంచులూ దగ్గరికి చేర్చి, మళ్లీ దూరం జరిపి, మళ్లీ చేర్చాడు. "యా అల్లా. కాజా కాజాను చూస్తున్నది. గుండీ యాడ పెట్టాలె బేటా?" అన్నాడు. గాటు పెట్టిన గుడ్డ మళ్లీ అతకదు. నేను వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాను. ఆయన టేపు కొసతో నా ముక్కు తుడిచాడు. (చేతిరుమాలుతో అని రాయవచ్చు, కానీ టేపే.) నా ఏడుపు ఆగకముందే ఆయన చేసినదేమిటంటే, రెండేసి గుండీలను వీపు వీపు కలిపి, మధ్యన పొట్టి దారంతో ముడేశాడు. ఆ జంటలో ఒక గుండీ ఇటు కాజాలోంచి, ఇంకొకటి అటు కాజాలోంచి బయటికి లాగితే కోటు మూసుకుంటుంది. "చూసినవా? ఐపోయింది" అన్నాడు కానీ, ఆ 'ఐపోయింది' ఏ అర్థంలో అన్నాడో నాకు తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే మాస్టర్ మా గుమ్మంలో ఉన్నాడు. చెప్పిన రోజుకు బట్టలివ్వడం ఆయన జీవితంలో అదే మొదటిసారి, అదీ తన పీరియడ్ తీసెయ్యమని మాట్లాడబోయే మనిషికి. తానే నాన్నకు కోటు తొడిగి, తానే గుండీలు పెట్టాడు.

"గిదేంది మియా, గుండీలు రెండు దిక్కుల ఉన్నయ్?" అన్నాడు నాన్న.

"డబల్ కాజా సాబ్. బొంబాయిల గిదే నడుస్తున్నది."

నాన్న అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. బొంబాయి అన్న మాట ఆయనకు భుజాల మీద బాగా కూర్చుంది. వాకిలి దాటుతుంటే మాస్టర్ వెనకనుంచి చాలా మర్యాదగా ఒక మాట అన్నాడు: "సాబ్, గీ కోటు ఏసుకున్నోళ్లు చేతులెత్తరు. హుకుం చేసేటోళ్ల కోటు గిది. చేతులు జర కిందికే ఉంచుండ్రి."

బడి వరండాలో బెంచీలు వేశారు. లెక్కల సారు ముందు వరసలో, పెళ్లికొడుకు తరఫువాడిలా కూర్చున్నాడు. మాస్టర్ చివర్లో స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. నేను కిటికీ పక్కన. నాన్న లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలి, చాలా బాగా మాట్లాడాడు. పిల్లల చేత షాపు పని చేయించుకుంటున్నారు, ఇది నేర్పడమా, వాడుకోవడమా అని అడిగాడు. అందులో తప్పేమీ లేదు. మాస్టర్ కూడా తల వంచుకున్నాడు. చదువుకున్న ఇంటి పిల్లవాడికి చదువు చాలు అన్నాడు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎంతటివారినైనా చెడగొడతాయి. నాన్నకు ఊపొచ్చింది. "మన పిల్లల చేతుల ఉండాల్సింది సూది కాదు! కలం!" అంటూ కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తాడు.

పై నుంచి కిందికి, టప టప టప, జంటలన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. కోటు నాటకంలో తెరలాగా రెండు వైపులకీ విచ్చుకుంది. ఉక్కపోతకు నాన్న లోపల చొక్కా వేసుకోలేదు. ఉన్నది బనీను, దానికి ఎవరూ తియ్యకుండానే వచ్చిన కాజాలు నాలుగైదు. వరండా అంతా ఒక్క క్షణం ఊపిరి పీల్చి, ఆ పీల్చిన ఊపిరి మొత్తాన్ని నవ్వుగా వదిలింది. నాన్న ఒక చేత్తో కోటు మూసుకుంటూ, ఇంకో చేత్తో గుండీల కోసం వెతుకుతూ, ఏది ఎందులో దూర్చాలో తెలియక నిలబడిపోయాడు. ఎప్పుడూ ఎవరి ముందూ తడబడని మనిషి. నా కాళ్లు నన్ను అడగకుండానే పరుగెత్తాయి. జంట గుండీలు పెట్టే కిటుకు అక్కడ తెలిసింది ఇద్దరికే. నేను ఆయన ముందు నిలబడి కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క జంటనే ఇటు లాగి, అటు లాగి, పెడుతూ వచ్చాను. నవ్వు నెమ్మదిగా తగ్గింది. ఛాతీ దాకా వచ్చేసరికి, నాన్న మెడ వంచి కాజాల వైపు చూస్తున్నట్టు తెలిసింది. ఆయన గొంతు నాకు మాత్రమే వినబడేటట్టు పలికింది.

"ఎవరు జేసిండ్రుర గివి?"

"నేనే బాపు."

"రెండు దిక్కులా?"

"ఒక దిక్కు తప్పు. ఇంకో దిక్కు దిద్దింది."

ఆయన బొటనవేలితో ఒక కాజా అంచును రుద్దాడు. ముళ్లు ఒక్కటీ లేవలేదు. ఇంకొకటి రుద్దాడు. నేను గొంతు దగ్గరి ఆఖరి జంట పెడుతుంటే ఆయన గడ్డం కొంచెం పైకెత్తి నాకు చోటిచ్చాడు. పసిపిల్లవాడికి చొక్కా తొడిగేటప్పుడు వాడు ఎత్తుతాడే, అట్లా. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, మీటింగు వైపు తిరిగాడు. ఈసారి చేతులు కిందికే ఉన్నాయి.

"సూడుండ్రి" అన్నాడు. "నేను జెప్పింది చెప్పిన. గని మావోనికి పదమూడేండ్లొచ్చినా ఇంక ఎడమేదో కుడేదో తెల్వది. లెక్కల సారు ఎనిమిదేండ్ల సంది చెప్పినా తెల్వలేదు. గీ పీరియడ్ల తెలిసేటట్టుంది. వానికి తెలిసేదాంక ఉంచుండ్రి."

(లెక్కల సారు మాకు చెప్పింది రెండేళ్లే. మా ఇంట్లో పెంచి చెప్పే జబ్బు మాస్టర్ కంటే ముందే ఉందని నాకు ఆ రోజే తెలిసింది.)

పీరియడ్ ఉండిపోయింది, ఒక షరతు మీద: షాపు చొక్కాలు వద్దు, నేర్చుకునే గుడ్డ బడే ఇవ్వాలి. మీటింగు అయ్యాక మాస్టర్ సైకిలు తీస్తుంటే నేను పోయి అడిగాను, ఈ జంట గుండీల ఉపాయం ఆయనకు ఎట్లా తెలుసని. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నవాబు షేర్వానీకి కాజాలు తీసిన అన్న గద?" "అవును మాస్టర్." "రెండు దిక్కుల తీసిన. గప్పుడు నాది నీ ఈడే. ఉస్తాద్ గిట్లనే గుండీలు కట్టిండు. డబల్ కాజా, బొంబాయి ఫేషన్ అని నవాబుకు చెప్పిండు." అని సైకిలెక్కి, టేపు ఎగురుతుండగా వెళ్లిపోయాడు. ఇంటికి వస్తే వాకిట్లోనే నెయ్యి వాసన. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని మడత కాజాలు వేయిస్తోంది. "మంచిది. నువ్వు కుట్టేటియి కుట్టు, తినేటియి నేను చేస్త. పొత్తుల దుకాణం పెడదాం" అంది. నాన్న కోటు విప్పి కొక్కేనికి తగిలించి, రెండు తిన్నాడు.

నేను పెద్ద దర్జీనైపోయాను అని రాయాలని చెయ్యి తహతహలాడుతోంది. కాలేదు. ఆఖరికి లెక్కలూ ఎట్లాగో గట్టెక్కి, సర్కారు ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ ముప్పైచిల్లర ఏళ్లలో మా సెక్షన్లో ఊడిన గుండీలు, చిరిగిన కాజాలు నా టేబుల్ దగ్గరికే వచ్చేవి. ఫైలు మీద నా సంతకం కంటే చొక్కా మీద నా ముడికి గౌరవం ఎక్కువ ఉండేది. మా పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నన్ను చూసి మొదటిసారి నవ్వింది కూడా నేను ఆమె పర్సుకు గుండీ కుడుతుంటేనే. దీన్ని కెరీర్ అంటారో అనరో నాకు తెలియదు. మాస్టర్ పోయి చాలా కాలమైంది. యాకుత్‌పురాలో ఆ షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

మొన్నటి మీటింగులో మైకు పెట్టారు, ప్రొజెక్టరు పెట్టారు, మాటలు మాత్రం పాతవే. పిల్లల్ని ఇప్పట్నుంచే పనివాళ్లను చేస్తారా అని ఒక తండ్రి లేచాడు. నేర్పుడు పేరుతో ఎక్కడికో తీసుకుపోయి ఊరికే పని చేయించుకుంటే ఎవరు చూస్తారని ఒక తల్లి. "డిగ్రీ చేసి మా తమ్ముడు మూడేండ్లసంది ఇంట్లనే కూసున్నడు, ఫ్యూజు పోతే వేయరాదు" అని ఇంకొకామె. నేను లేచి నా కథ చెబుదామనుకున్నాను. కొడుకు మాట గుర్తొచ్చి కూర్చున్నాను. కోటు నాకు భుజాల దగ్గర జారిపోతోంది. నాన్న నాకంటే కండగల మనిషి. జంట గుండీల్లో ఒకటి ఎప్పుడో పోతే, దాని స్థానంలో చొక్కా గుండీ కట్టుకున్నాను. పక్కన కూర్చున్న మనవరాలు దాన్ని వేలితో తిప్పుతూ, "తాతా, రెండు దిక్కుల కంతలేంది?" అని అడిగింది. "బొంబాయి ఫేషన్" అన్నాను. అది నా మొహంలోకి చూసింది. "సరే, తప్పు జేసిన" అన్నాను.

అప్పుడే హెడ్మాస్టరమ్మ మైకులో అంది: "కావాలనేవాళ్లు చేతులెత్తండి."

మావాడు చెప్పి పంపింది నాకు బాగా గుర్తుంది. ఈ కోటుతో చెయ్యెత్తితే ఏమవుతుందో ఇంకా బాగా గుర్తుంది. మనవరాలు మాత్రం నావైపు చూడనే లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, తన వేళ్ల వైపు తానే చూసుకుంటోంది. ఆ చూపు నాకు తెలుసు. కుడిచెయ్యి ఎత్తాను. టప టప టప. నాన్నను చూసి నేర్చుకుని నేను లోపల చొక్కా వేసుకునే వచ్చాను, అంతవరకు నయం. హాలంతా చేతులే. (అంతా కాదు. సగం. లెక్క తేలక మళ్లీ ఒక మీటింగు పెడతామన్నారు.) వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"తాతా, బటన్లు!" అంటూ అది కంగారుగా లేచి నా కోటు పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డ. ఇంక లెక్కవెడ్తున్నరు."

అది వినలేదు. నా ముందు నిలబడి, ఒక జంటను పట్టుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, కాసేపు చూసి, కిటుకు తనంతట తానే కనిపెట్టింది. కింది నుంచి మొదలుపెట్టింది. నేను చెయ్యి దించకుండానే, దానికి చోటు కోసం గడ్డం కొంచెం పైకెత్తాను.